గాజు కింద పిల్ల

నేను ఒక గాజు పలకను. రక్తపరీక్ష చేసే చోట చుక్క రక్తం పూసి మైక్రోస్కోపు కింద పెడతారే, ఆ సన్నని బిళ్లను. నాతోపాటు ఒకే డబ్బాలో వచ్చిన యాభైమందీ ఎవరెవరి రక్తమో పూసుకుని, ఒక్కసారి పనికొచ్చి, చెత్తబుట్టలో పడ్డారు. నన్ను మాత్రం చీరాలలో ఒక చర్మవ్యాధుల డాక్టరుగారు చొక్కా జేబులో వేసుకున్నారు. ఒంటి మీద ఎర్రమచ్చ కనబడితే నన్ను దాని మీద ఆనించి నొక్కేవారు. ఎరుపు మాయమైతే రక్తం ఇంకా నాళాల్లోనే ఉన్నట్టు, మాయం కాకపోతే నాళం దాటి చర్మంలోకి కారినట్టు. అదీ నాకు వచ్చిన విద్య. మనుషులు నాలోంచి చూస్తారు గాని నన్ను చూడరు. నేను మాత్రం వాళ్ల ముఖాలు బాగా చూశాను.

ఒకరోజు భద్రావతి అనే నేతపనామె ఆరేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. నూలుకు రంగులద్దడం ఆమె పని. చేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి. కూతురు సువర్చల ఎడమ చెంప కూడా కంటి కింద నుంచి పెదవి దాకా ఎర్రగానే ఉంది.

"ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"ఎదురింటోళ్ల పిల్లోడికీ ఎర్రమచ్చే వచ్చిందండీ. బడికెళ్లే ఈడుకి అదే పోయింది. దీనికీ అట్టాగే పోద్దని చూశాం."

తెల్లనివన్నీ పాలనుకున్నట్టు ఎర్రనివన్నీ ఒకటేననుకున్నారు పాపం. ఆ పిల్లాడిది పుట్టిన కొన్ని వారాలకు ఉబ్బెత్తుగా లేచి, కొన్నాళ్లు పెరిగి, తర్వాత కరిగిపోయే రకం. సువర్చలది పుట్టుకతోనే చదునుగా ఉండి, పిల్లతోపాటు పెరిగి, వయసుతో ముదిరే రకం. డాక్టరుగారు అదే చెప్పి, నన్ను ఆ చెంప మీద నొక్కారు.

నా కింద ఎరుపు పోయింది. నేనున్నంత మేరా తెల్లని, మామూలు చెంప కనబడింది. భద్రావతి ముందుకు వంగి చూసింది. ఆయన నన్ను ఎత్తగానే ఎరుపు మళ్లీ నిండింది.

"ఇప్పటికి మన దగ్గర దీనికి వైద్యం లేదమ్మా. కాంతితో ఏదో చేస్తున్నారంటున్నారు, ముందు ముందు రావచ్చు."

ఆమె నా వైపు చెయ్యి చూపించి, "ఆ గాజుముక్క ఇస్తారా?" అంది. ఆయన నవ్వి ఇచ్చేశారు. అంత మంచి డాక్టరు చేసిన తప్పు అదొక్కటే.

ఆమె చెప్పనిది, ఆయన అడగనిది ఒకటుంది. సువర్చల కడుపులో ఉండగా పట్టపగలు చీకటి కమ్మిన సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం విడిచేదాకా వెల్లకిలా పడుకోవాలి, కడుపుతో ఉన్నవాళ్లు ఒంటి మీద ఎక్కడ చెయ్యి వేసుకుంటే బిడ్డకు అక్కడ మచ్చ పడుతుందని అత్తగారు మరీ మరీ చెప్పింది. కానీ తొట్టిలో ఎర్రరంగులో నూలు చుట్టలు నానుతున్నాయి, తియ్యకపోతే పాడవుతాయి. భద్రావతి లేచి వెళ్లి పిండింది. చెమట పడితే ఆ చేత్తోనే ఎడమ చెంప తుడుచుకుంది.

పురిటి మంచం దగ్గర అత్తగారు, "చెప్తే ఇన్నావా? చెయ్యెట్టుకున్న చోటే పడింది," అంది. అంతే. ఆ తర్వాత భద్రావతి కూతురి ఎడమ చెంపను చేత్తో ముట్టుకోలేదు. నలుగు పెట్టినా గుడ్డ అడ్డం పెట్టుకునేది.

గుడ్డ తర్వాత నేను వచ్చాను. శుక్రవారం తలంట్లు కాగానే పిల్లను ఎదురుగా కూచోబెట్టి, నన్ను చెంపకు నొక్కి, "వచ్చావా తల్లీ? బాగున్నావా?" అని పలకరించేది. నా కిందికి వచ్చే ఆ మచ్చలేని తెల్ల పిల్లకు వయసు కూడా పెరిగింది. భద్రావతి ఆమెకు తన కష్టసుఖాలన్నీ చెప్పుకునేది. ఎదురుగా కూచున్న సువర్చల కళ్లు నేలకేసి ఉండేవి. నాకు ఒళ్లు ఉండి ఉంటే జలదరించేది. పదహారేళ్లు ఈ తంతు నడిచింది.

సువర్చలకు ఇరవై రెండేళ్లు వచ్చాక, లేజరు వచ్చిందని తెలిసి తనే తల్లిని వెంటబెట్టుకుని పట్నం వెళ్లింది. నేను భద్రావతి కొంగుముడిలో ఉన్నాను. అక్కడి డాక్టరమ్మ, "పూర్తిగా పోతుందని మాటివ్వను, బాగా పలచబడుతుంది. రెండేసి నెలలకోసారి రావాలి," అంది. భద్రావతి ఉండబట్టలేక ఏడుస్తూ గ్రహణం సంగతి చెప్పేసింది.

"అప్పుడు మీకెన్నో నెల?"

"ఏడు నిండినియ్యమ్మా."

"ఈ మచ్చ బిడ్డ వేలెడంత కూడా లేనప్పుడే పడిపోయింది. సన్నటి రక్తనాళాలు వెడల్పుగా ఉండిపోయాయి, అంతే. మీ చెయ్యీ కాదు, గ్రహణమూ కాదు." తర్వాత భద్రావతి ఎర్రటి చేతులు చూసి, "ఈ మిషన్లో కాంతి పుట్టేది కూడా రంగునీళ్లలోంచేనమ్మా," అంది.

ఎనిమిది విడతలు పట్టింది. వెళ్లొచ్చినప్పుడల్లా చెంప కమిలి, పది రోజులకు మామూలయ్యేది. చివరికి గులాబీ ఛాయ మిగిలింది, పెదవి పక్కన కాస్త ముదురుగా.

అయినా అలవాటు చావలేదు. ఒక శుక్రవారం భద్రావతి రంగుతొట్టి దగ్గర నుంచి తడిచేతులతోనే వచ్చి నన్ను తీసింది.

"ఆ పిల్లంటే అంత ఇష్టమా అమ్మా?" అంది సువర్చల.

"ఏ పిల్లే?"

"గాజు కింద పిల్ల. నన్నెప్పుడన్నా అట్టా పలకరించావా?"

భద్రావతి చేతిలోంచి నేను జారి చాప మీద పడ్డాను. సువర్చల తల్లి చెయ్యి పట్టుకుని, రంగు ఓడుతున్న ఆ అరచేతిని తన ఎడమ చెంపకు ఆనించుకుంది. భద్రావతి వెనక్కి లాక్కోబోయింది. సువర్చల వదల్లేదు.

"వచ్చావా తల్లీ," అంది భద్రావతి, చెయ్యి అక్కడే ఉంచి.

చెయ్యి తీస్తే చెంప మీద అయిదు వేళ్లూ ఎర్రగా అచ్చుపడ్డాయి. సువర్చల సాయంత్రం దాకా కడుక్కోలేదు. కడిగినప్పుడు, అమ్మ చెయ్యి వేసిన ఎరుపు సబ్బుతో పోయింది.

ఇప్పుడు నేను పాత కుంకుమ భరిణెలో ఉన్నాను. వాళ్లిద్దరూ బాగున్నారు, సంతోషమే. కానీ ఆ తెల్ల పిల్ల నాతోనే ఉండిపోయింది. శుక్రవారం కుంకుడురసం వాసన రాగానే నా కిందికి వచ్చి కూచుంటుంది. ఎవరైనా పలకరిస్తారేమోనని చూస్తుంది. నాకా నోరు లేదు.