మా కోడలి వెనక చక్రాల కారు

“అమ్మకి నిద్ర పట్టడం లేదు మార్లా, ఆ కారు అమ్మేసెయ్” అన్నాడు మా అబ్బాయి కర్టిస్, రొట్టె మీద వెన్న రాసుకుంటూ. నేను అక్కడే పొయ్యి దగ్గర నిలబడి కాఫీ వంపుతున్నాను. నాకు నిద్ర పట్టడం లేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

నేను రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చునే మాట నిజం. మా కోడలి కారు వీధి చివర మలుపు తిరిగేదాకా చూసే మాటా నిజం. ఎందుకు చూస్తున్నానో మాత్రం ఎవరూ అడగలేదు. ముసలిది కిటికీ దగ్గర కూర్చుందంటే భయంతోనే కూర్చుందని మావాళ్ళు వాళ్ళలో వాళ్ళే తేల్చేసుకున్నారు. మార్లా నా వైపు చూసింది. ఎవరి వెక్కిరింపులకీ లొంగని పిల్ల, అత్తయ్య బాధపడుతోందంటే మాత్రం మెత్తబడిపోతుంది. కాసేపు చెంచాతో కప్పులో తిప్పింది. “సరే, బరాగా ఊరి నుంచి ఎవరో అడుగుతున్నాడన్నావుగా, ఆదివారం వచ్చి చూసుకోమను” అంది. నేను నోరు తెరవబోయాను. ఈలోగా కప్పు నిండి కాఫీ బల్ల మీదకి పొర్లింది. అది తుడిచేసరికి మాట దాటిపోయింది, వాళ్ళిద్దరూ లేచి పనులకి వెళ్ళిపోయారు. మా ఇళ్ళలో ఆడవాళ్ళ మాటలు చాలావరకు అలా తుడుపుల్లోనే పోతాయి.

ఆ కారు సంగతి చెప్పాలి. ముదురు నీలం రంగు, పొడుగాటి ఒళ్ళు, నేలకి దగ్గరగా పాకుతున్నట్టు ఉంటుంది. లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. తాళం తిప్పితే మా వంటింటి అలమారలో పళ్ళేలు సన్నగా మోగుతాయి. అంత బలమూ వెనక రెండు చక్రాలకే పోతుంది, ముందువి దారి చూపించడానికి మాత్రమే. డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన మార్లా వాళ్ళ బాబాయి దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాడట. ఆయన పోయాక మార్లా తన జీతం డబ్బుతో పిన్ని దగ్గర కొనుక్కుంది, తనే నడుపుకుంటూ మంచులో ఇంటికి తెచ్చింది. మా ఊళ్ళో పెద్ద సరస్సు మీంచి వచ్చే మంచు అక్టోబరులో మొదలైతే ఏప్రిల్ దాకా వదలదు. ఇళ్ళ కప్పులెక్కి మంచు తోసుకునే జనం మేము. అలాంటి చోటికి వెనక చక్రాల కారు తెచ్చిన ఆడమనిషిని ఊరు ఊరుకుంటుందా?

మా మరిది వైనో శనివారం ఆవిరి స్నానానికి వచ్చినప్పుడల్లా ఒక జోకు తెచ్చేవాడు. మా ఇంట్లో మొదట మగవాళ్ళు వేడి వేడి ఆవిరిలో కూర్చుని వస్తారు. మిగిలిన ఆవిరి ఆడవాళ్ళది. ఎర్రబడ్డ ముఖాలతో వాళ్ళు బల్ల దగ్గర కూర్చుంటే కాఫీ, యాలకుల రొట్టె పెట్టడం మా పని, వాళ్ళ జోకులు వినడం కూడా. “వదినా, నీ కోడలు కొన్నది కారు కాదు, మంచుబండి. లాగే కుక్కలు ఎప్పుడొస్తాయి?” అనేవాడు వైనో. మార్లా రొట్టె ముక్క ఆయన పళ్ళెంలో పెట్టి, “కుక్కలు ఇక్కడే కూర్చుని కాఫీ తాగుతున్నాయి మావయ్యా” అంది ఒకసారి. నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుని వచ్చాను.

ఈ విషయంలో నేను గమనించింది ఒకటుంది. మా కర్టిస్‌ది నాలుగు చక్రాలూ తిరిగే పికప్ ట్రక్కు. అది పోయిన చలికాలం కాలువలో దిగింది, ఆ ముందు చలికాలం మా ఎదురింటి వాళ్ళ కంచెలో దిగింది. రెండుసార్లూ రోడ్డు బాగాలేదనే అన్నారు. మార్లా కారు చర్చి పెరట్లో ఒక్కసారి ఇరుక్కుంటే, “వెనక చక్రాల బండి కదా, మొండితనం కదా” అని అందరూ అన్నారు. వాడు జారితే తప్పు దారిది, ఆమె జారితే తప్పు ఆమెది.

మార్లా ఆస్పత్రిలో నర్సు. పొద్దుటి డ్యూటీకి మిగతా ఇల్లంతా పడుకుని ఉండగానే లేస్తుంది. కర్టిస్ భోజనం డబ్బా సర్దుతుంది, నా మందులు చిన్న గిన్నెలో పెడుతుంది, పిల్లి నీళ్ళు మారుస్తుంది. అన్నీ అయ్యాక కారు దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆమె నడకే మారిపోతుంది. ముందు బ్రష్షుతో కప్పు మీది మంచు తుడుస్తుంది, తర్వాత దీపాల అద్దాలు. డిక్కీ తెరిచి ఇసుక బస్తాలు వెనక చక్రాల మీదికి సరిగ్గా వచ్చాయో లేదో చేత్తో తట్టి చూస్తుంది. ఎదురొచ్చే బండ్లకి మంచు గుట్టల పైనుంచి కనబడాలని యాంటెనా చివర కట్టిన నారింజ రంగు జెండాని విదిలిస్తుంది. ఆ తర్వాత గుర్రాన్ని లేపినట్టు నెమ్మదిగా, ఒక్క కుదుపు లేకుండా కదుపుతుంది. ఇదీ నేను కిటికీలోంచి చూసేది.

మా ఆయన ఆర్వో ఉన్నన్నాళ్ళూ నాకు స్టీరింగు ముట్టుకోవలసిన అవసరమే రాలేదని ఆయన అనుకునేవాడు. “నీకెందుకు సైమా, నేనున్నాగా” అనేవాడు. నిజమే, ఉండేవాడు. ఎక్కడున్నాడన్నదే ఇబ్బంది. సంత సామాను సంచులు ఒళ్ళో పెట్టుకుని, సారా దుకాణం బయట చల్లబడిపోయిన కార్లో, ఆయన ఒక గ్లాసు ముగించి వస్తానన్న మాట పట్టుకుని ఎన్ని సాయంత్రాలు కూర్చున్నానో. ఒకసారి మా పాపకి జ్వరం వచ్చినప్పుడు కారు వాకిట్లోనే ఉంది, నడిపే మనిషి గనిలో పనికి దిగి ఉన్నాడు. పాపకి దుప్పటి చుట్టి, ఎత్తుకుని కొండ దిగి ఆస్పత్రికి నడిచాను. ఆయన చెడ్డవాడు కాదు. ఒకళ్ళు నడపాలి, ఒకళ్ళు కూర్చోవాలి అన్న ఏర్పాటులో ఆయనకి మొదటిది వచ్చింది, అంతే.

గురువారం పొద్దున మా చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళమంతా కలిసి మాంసం కూరిన పాస్టీలు చేసే పని మొదలైంది. మొదటి రోజు దుంపలు తరగడం, రెండో రోజు పిండి మడిచి కాల్చడం. అమ్మిన డబ్బు చర్చి కప్పుకి పోతుంది, నడుము నొప్పులు మాకు మిగులుతాయి. నన్ను దింపుతానన్న కర్టిస్ తీరా బయల్దేరేటప్పుడు, “ముందు సీట్లో రంపం మిషను ఉందమ్మా, నువ్వు మార్లాతో పో. ఇవాళ తనకి సెలవు కదా” అన్నాడు. ఏ కారు వల్ల నాకు నిద్ర పట్టడం లేదో ఆ కార్లోనే నన్ను ఎక్కించాడు మా పుత్రరత్నం.

మేముండేది క్విన్సీ కొండ పైన. ఊరూ, చర్చీ, వంతెనా అన్నీ కింద. బయల్దేరేసరికి సరస్సు మీంచి మంచు తెర దించినట్టు పడుతోంది. మార్లా పక్కన కూర్చోవడం నాకదే మొదటిసారి. ఇంజను చప్పుడు చెవితో వినడం వేరు, వెన్నుతో వినడం వేరు. అంత బలాన్ని ఆమె ఎంత తక్కువగా వాడుతోందో చూసి ఆశ్చర్యపోయాను. బూటు కదులుతోందా లేదా అన్నట్టుంది.

“పసిబిడ్డ పడుకున్న గదిలో నడిచినట్టు నొక్కాలి అత్తయ్యా. గట్టిగా అడుగేస్తే లేస్తుంది” అంది.

కొండ మధ్య మలుపులో బిడ్డ లేచింది. కారు వెనక భాగం ఒక పక్కకి ఊగింది. మార్లా బ్రేకు ముట్టుకోలేదు. పాదం తేలిక చేసింది. వెనక భాగం ఎటు పోతోందో స్టీరింగు కూడా అటే కాస్త తిప్పి, పట్టు దొరగ్గానే మళ్ళీ నిలబెట్టింది. నేను అరవై ఏళ్ళుగా రొట్టె పిండి పిసుకుతున్నాను. పిండి సాగినవైపు పోనిచ్చి, చిరగబోయే ముందు మడవాలి. లాక్కుంటే తెగుతుంది. ఈ పిల్ల అంత బరువు ఇనుముని అలా మడిచింది. ముఖంలో గర్వం లేదు, బిగువూ లేదు. తనకి బాగా వచ్చిన పని చేసుకుంటున్న మనిషి ముఖం ఎంత అందంగా ఉంటుందో నేను ఇన్నాళ్ళకి దగ్గర్నించి చూశాను.

“భయమేసిందా అత్తయ్యా?”

“మళ్ళీ చెయ్యి” అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. రోడ్డు మీద ఆటలాడకూడదు అంది. కర్టిస్ ట్రక్కులో అయితే ఈ ఊగడం ఉండదు కదా అని అడిగాను. కదలడానికి నాలుగు చక్రాల బలం పనికొస్తుంది కానీ, ఆగేటప్పుడు ఏ బండికైనా ఉన్నవి నాలుగు టైర్లేనని చెప్పింది. తన కారుకి నాలుగూ మంచు టైర్లు వేయించిందట. “మీ అబ్బాయి టైర్లు చూశారా? బోడిగుండ్లు. ఎన్నిసార్లు చెప్పినా, నాది నాలుగు చక్రాల బండి అంటాడు.”

ఆ మాట అంటుండగానే వెనకనుంచి హారన్ మోగింది. కర్టిస్. మమ్మల్ని దాటుకుంటూ చెయ్యి ఊపాడు, మంచు మా అద్దం నిండా చల్లాడు. కొండ కింద వంతెన ముందు ఎర్ర దీపం ఉంది. వాడి ట్రక్కు వెనక దీపాలు వెలగడం దూరం నుంచే కనబడింది. దీపాలైతే వెలిగాయి కానీ బండి ఆగలేదు. అంత బరువూ, నాలుగు చక్రాలూ బిగుసుకుపోయి, తొందరేమీ లేనట్టు మూలనున్న మంచు గుట్టలోకి తలుపుల దాకా దూరిపోయింది. నా ప్రాణం పోయినంత పనైంది. మార్లా ముందునుంచే వేగం తగ్గిస్తూ వచ్చింది, బల్ల మీద కప్పు పెట్టినంత మెత్తగా ఆగే గీత వెనకే ఆపింది.

వాడికి దెబ్బలేమీ తగల్లేదు. మంచులోంచి పాకి బయటికి వచ్చాడు, టోపీ పోయింది. రంపం మిషను పట్టుకుని మా వెనక సీట్లో కూర్చున్నాడు. వంతెన ఎక్కుతుంటే, “ఇక్కడ జారుతుంది, నెమ్మదిగా పోనీ” అన్నాడు మార్లాతో. నేను దగ్గు వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం వైనో వచ్చాడు. రోడ్డు జారకుండా ఇసుక చల్లలేదు కాబట్టి అలా అయిందని కర్టిస్ ఆయనకి చెప్పాడు. అవునురా, ఈ మధ్య సరిగ్గా చల్లడం లేదు అని ఆయన తల ఊపాడు. నేను చేపల పులుసు గిన్నె బల్ల మీద పెడుతున్నాను. కర్టిస్ ఆ ఊపులోనే, “ఏదైతేనేం, ఆదివారం ఆ బరాగా కుర్రాడు వస్తున్నాడు. మంచిదే అయింది. అమ్మ ఇవాళ ఆ కార్లో ఎంత హడలిపోయిందో” అన్నాడు.

మార్లా తల ఎత్తకుండా గరిటె అందుకుంది. ఆ చెయ్యి చూశాను. పొద్దున ఆ ఇనుముని మడిచిన చెయ్యి, ఇప్పుడు పులుసు వడ్డించడానికి వంగుతోంది. ఆ పిల్ల ఆ కారు వదిలేస్తున్నది మంచుకి భయపడి కాదు, మొగుడికి భయపడి కాదు. లేని నా భయానికి. నా పేరుతో ఆమె దగ్గర్నించి లాక్కుంటున్నారు.

గరిటె ఆమె చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాను. కూర్చున్నాను. అందరూ తింటుండగా నేను కూర్చోవడం ఆ ఇంట్లో అలవాటు లేని పని, అందుకే ముగ్గురూ నా వైపు చూశారు.

“నేను భయపడి కిటికీ దగ్గర కూర్చోవడం లేదు కర్టిస్. మార్లా కారు నడుపుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. అందుకని కూర్చుంటాను. ఇవాళ నేను హడలిపోయింది నీ బండి చూసి.”

వైనో చెంచా గాల్లోనే ఆగింది. “ఇన్నాళ్ళూ చెప్పలేదేం వదినా?” అన్నాడు.

“ఎవరడిగారు?”

మార్లా కర్టిస్ వైపు తిరిగి, “ఆ అబ్బాయిని రావద్దని చెప్పు. పిలిచింది నువ్వేగా” అంది. పులుసు మాత్రం ఎవరిది వాళ్ళే వడ్డించుకున్నారు ఆ రాత్రి.

మర్నాడు ట్రక్కు ఇంకా మెకానిక్ దగ్గరే ఉంది. ముగ్గురం ఒకే కార్లో దిగాలి. నేను ఏప్రాను, అప్పడాల కర్ర సంచిలో వేసుకుని మెట్ల మీదికి వచ్చేసరికి మార్లా దీపాల అద్దాలు తుడవడం అయిపోయింది. కర్టిస్ తిన్నగా నడిపేవాళ్ళ తలుపు దగ్గరికి వెళ్ళి, ఒక్క మాటైనా అనకుండా తాళాల కోసం చెయ్యి చాచాడు. వాడి తప్పు కాదు. కారు ఎవరిదైనా, మగవాడు ఉంటే నడిపేది అతనే అన్నది మా ఇళ్ళలో ఎవరూ ఎన్నడూ నోటితో చెప్పని ఏర్పాటు. మార్లా చెయ్యి కూడా దానంతటదే జేబులోకి పోయింది. తాళాలు సగం బయటికి వచ్చాయి.

నేను అవతలి వైపు వెళ్ళి, ముందు తలుపు తెరుచుకుని కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకున్నాను.

“వెనక కూర్చో కర్టిస్” అన్నాను. “ముందు మేమిద్దరం ఉన్నాం.”