ఒంటికన్ను, మూడు బంతులు

ఆటల టీచరమ్మకి ఎడమకన్ను పోయింది. లోపలి పొర ఊడిందన్నారు, ఆపరేషన్ చేశారు, లాభం లేకపోయింది. పైకి కన్ను కన్నులాగే ఉంది. అందుకే ఆమె అవస్థ ఎవరికీ తెలిసేది కాదు. ఒంటికంటికి దూరం అంచనా అందక, గ్లాసులో పొయ్యబోతే నీళ్ళు బల్ల మీద పడేవి. ఇన్నేళ్ళు పిల్లలచేత వాలీబాల్ ఆడించిన మనిషి, బంతి ఎదురొస్తే మొహానికి చేతులడ్డం పెట్టుకునేది.

"రెండో కన్నుంది కదమ్మా, దానికి పని చెప్పండి. బంతులు ఎగరేసి పట్టుకోవడం నేర్చుకోండి. ముందు ఒకటి, తర్వాత రెండు, ఆపైన మూడు," అన్నాడు కళ్ళ డాక్టరు.

ఆ మాట ఇంట్లో చెప్తే ఆడపడుచు పకపకా నవ్వింది. ఆవిడది కుట్టుపని, ముందుగదిలోనే మిషను. నోరూ ఆ మిషన్లాంటిదే, ఆగదు. "సర్కస్‌లో చేరతావా వదినా? మా అన్నయ్యకి టిక్కెట్టు ఉచితమేనా?"

టీచరమ్మ టెన్నిస్ బంతులతో మొదలుపెట్టింది. అవి చేతికి తగిలీ తగలకుండానే ఎగిరి, ఒకటి మంచం కిందికి, ఒకటి మెట్ల మీదుగా వీధిలోకి పోయేవి. నున్నటి రబ్బరు బంతులు తెచ్చింది. చెమటచేతుల్లోంచి సబ్బుబిళ్ళల్లా జారాయి. ఒకటి ముక్కు వాయగొట్టింది.

"బంతులు మంచివి కావు," అంది ముక్కు రుద్దుకుంటూ.

"ఆడలేక మద్దెల ఓడందట, నీలాంటిదే!"

"మద్దెల నిజంగానే ఓడైతేనో?"

ఆడపడుచు మిషను ఆపింది. ఆవిడ మిషను ఆపిందంటే మాటలు కాదు. వచ్చి బంతిని అరచేతిలో ఆడించి చూసింది. వదిన చెయ్యి చాపించి టేపుతో కొలిచింది. "ఇది నీ చేతికి పెద్దది. పైగా నీక్కావలసింది ఎగిరే బంతి కాదు, పడ్డచోట కూర్చునేది," అంది.

నూలుగుడ్డని గుండ్రంగా కుట్టి బియ్యం కూరింది. మొదట తెల్లవి కుట్టింది. తెల్లగోడ ముందు అవి ఆమెకున్న ఒక్క కంటికీ ఆనలేదు. గట్టిగా కూరడంతో రాళ్ళల్లా ఉన్నాయి కూడా. తిట్టుకుంటూ మళ్ళీ కుట్టింది: ఎరుపు, పసుపు, నీలం. ఈసారి కాస్త వదులుగా, గుప్పిట్లో ఒదిగేలా, త్రాసులో మూడూ సరితూగాయని చూసుకుని మరీ.

టీచరమ్మ మంచానికి ఎదురుగా నిలబడింది, జారితే పరుపు మీదే పడేలా. ఈ చేతినుంచి ఆ చేతికి, కళ్ళ ఎత్తున విల్లులా ఒక బంతి. చేతుల వంక చూడకూడదు, బంతి పైకెళ్ళి ఆగేచోటే చూడాలి. ఆ కిటుకు దొరికాక దూరం సంగతి చేతులే చూసుకున్నాయి. రెండు కుదిరాయి. మూడోది మాత్రం వారాల తరబడి ఏడిపించింది. విసిగి మంచం మీద చతికిలబడితే, "నా కుట్టుకి చెడ్డపేరు తేకు, లే!" అని గదిమింది ఆడపడుచు.

ఒక ఆదివారం పొద్దున ఎరుపు వెళ్ళింది, పసుపు వెళ్ళింది, నీలం వెళ్ళింది. ఎరుపు తిరిగొచ్చి చేతిలో వాలింది. మళ్ళీ ఎగిరింది. దాని వెనకే పసుపు. దేనికీ పరుపు మీద పడే తీరిక లేదు!

"అన్నయ్యా! గడ్డం సగంలో ఉన్నా సరే, పరిగెత్తుకురా!"

నురగమొహంతో వచ్చిన భర్త గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఎలా పట్టుకుంటున్నావే?"

"నేనెక్కడ పట్టుకుంటున్నాను? అవే వచ్చి వాలుతున్నాయి!" టీచరమ్మకి నవ్వాగడం లేదు.

"మరి కుట్టిందెవరు!" అంది ఆడపడుచు, కళ్ళు తుడుచుకుంటూ.

టీచరమ్మ కాదనలేదు. పసుపు బంతిని ఇంకో జానెడు పైకి విసిరింది.