లస్మయ్యను చంపిన షాఫ్టు

లస్మయ్యను కాల్చిన మర్నాడే అతణ్ణి చంపిన షాఫ్టు మా దగ్గరికి వచ్చింది, సాపు చేసి ఇమ్మని.

సూరత్ పక్కన సచిన్ ఫ్యాక్టరీల దగ్గర మాది ప్రెస్సు పని. యంత్రాల్లో తిరిగే లోహపు కడ్డీలు, షాఫ్టులు, వంగితే నొక్కి సాపు చేస్తాం. టెంపో మీద కప్పిన తాడిపత్రి పట్టా తీయగానే అందరం గుర్తుపట్టాం. లస్మయ్య పనిచేసిన రంగుల కంపెనీలో, ట్యాంకులోని యాసిడ్‌ను కలిపే షాఫ్టు అది. యాసిడ్ తినలేని ఖరీదైన నికెల్ లోహం. లస్మయ్య ఒంటికి అంత ఖరీదు లేదు గనుక అతణ్ణి యాసిడ్ తినేసింది. వంకర షాఫ్టు ఊగి ఊగి ట్యాంకు మూత పగిలినప్పుడు, కింద ఉన్నది అతను. వడోద్‌లో మా బస్తీ అంతా శవం వెంట నడిచింది. మొహం మీది గుడ్డ మాత్రం ఎవరినీ తీయనివ్వలేదు.

షాఫ్టు వెంట తిరుపతయ్య వచ్చాడు. మమ్మల్ని సిరిసిల్ల నుంచి సూరత్‌కు తెచ్చినవాడు, ఇప్పుడు ఆ కంపెనీకి మనుషులను సప్లై చేసే ఠేకేదారు. రేపు ఇన్‌స్పెక్టరు వస్తాడని, ఆలోగా షాఫ్టు సాపుగా ట్యాంకులోకి ఎక్కాలని చెప్పాడు. లస్మయ్య తాగి వచ్చి మూత తీశాడని కంపెనీ రాసేసిందట. షాఫ్టు సాపుగా కనబడితే తప్పు అతనిదే, తప్పు అతనిదైతే పెళ్లాం పిల్లలకు పైసా రాదు.

మాతో ప్రెస్సు మీద పనిచేసే బుచ్చిరాములు షాఫ్టు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"తాగి గింత లావు షాఫ్టును వంచిండంటే, మస్తు తాకత్ ఉన్నోడే గదా తిరుపతన్నా."

తిరుపతయ్య గొంతు తగ్గించాడు. "మనోళ్లే అని మీ దగ్గరికి తెచ్చిన. జర సమజ్ చేస్కోండ్రి."

మా సేఠ్ మాత్రం గొంతు తగ్గించలేదు. ప్రెస్సు ఆపినవాడు రేపటి నుంచి గేటు బయటేనన్నాడు.

మాలో మాకే లొల్లి మొదలైంది. సాయికుమార్‌కు ఇద్దరు బడి పిల్లలు.

"మనం కాదంటే ఇంకోడు చేస్తడన్నా. మనకు పని పోవుడొక్కటే మిగుల్తది," అన్నాడు. అది అబద్ధం కాదు. ఇన్నాళ్లూ సేఠ్‌లు బతుకుతున్నది ఆ ఇంకొకడి మీదే.

ఒడియా ప్రఫుల్ల ప్రెస్సు హ్యాండిల్ వదిలేసి కింద కూర్చున్నాడు. "ఆజ్ ఉస్‌కో షరాబీ బోలా. కల్ హమ్‌కో బోలేగా." ఇవాళ లస్మయ్యను తాగుబోతన్న నోరు రేపు మమ్మల్నీ అంటుందని.

ఒకరి తర్వాత ఒకరం కూర్చున్నాం. చివరికి సాయికుమార్ కూడా. కూర్చున్నాక లస్మయ్య భార్య స్వరాజ్యానికి కబురు పంపాం. ఆమె వెంట వడోద్ కదిలి వచ్చింది. గేటు వాళ్లను ఆపలేకపోయింది.

షాఫ్టును రెండు దిమ్మల మీద పెట్టాం. నొక్కే ముందు మేం రోజూ చేసేదే చేశాం. ఒకరు మెల్లగా తిప్పుతుంటే ఇంకొకరు పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకోవాలి. సాపుగా ఉంటే గీత చుట్టూ పడుతుంది. వంకర ఉంటే పొంగిన వైపే తగులుతుంది. సుద్దముక్కను స్వరాజ్యం చేతికిచ్చాం. నేను తిప్పాను.

ఆమె సుద్దముక్కను కదలనివ్వలేదు. గీత ఒక్క వైపే పడింది. మళ్లీ తిప్పాను. మళ్లీ అక్కడే. ప్రఫుల్ల ఫోన్‌లో అంతా తీశాడు.

ఆమె తిరుపతయ్య వైపు తిరిగింది. "ట్యాంకు ఊగుతుందని రోజూ ఇంట్ల మొత్తుకునేటోడు. నీకు చెప్పిండా లేదా, అన్నా?"

గుంపు మొత్తం అతని నోటి వైపే చూసింది. అతను టెంపో వైపు నడిచాడు.

సేఠ్ పిలిస్తే పోలీసులు వచ్చారు. మనిషి చచ్చినప్పుడు తీరిక లేనివాళ్లు, ప్రెస్సు ఆగితే జీపేసుకుని వచ్చారు. నన్నూ బుచ్చిరాములునూ ఈడ్చుకెళ్లి ఎక్కించారు. షాఫ్టును మళ్లీ టెంపోలో పడేసి కామ్‌రేజ్‌లో ఇంకో ప్రెస్సుకు పంపారు. సాయికుమార్ చెప్పిన ఇంకొకడు అక్కడ ఉన్నాడన్నమాట. ఆ రాత్రి మమ్మల్ని లాకప్‌లోనే ఉంచారు.

మర్నాడు స్వరాజ్యం వచ్చి ఊచల అవతల నిలబడి చెప్పింది. ప్రఫుల్ల తీసిన వీడియో టెంపో కన్నా ముందే కామ్‌రేజ్ చేరిందట. అక్కడి ప్రెస్సువాళ్లు తాడిపత్రి ఎత్తి సుద్దగీత చూశారట. ఎత్తిన తాడిపత్రిని మళ్లీ కప్పేసి, చేతులు తుడుచుకుని బయటికి నడిచారట. ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి ట్యాంకులో షాఫ్టు లేదు. ఎందుకు లేదో చెప్పడానికి వడోద్ మొత్తం కంపెనీ గేటు ముందు కూర్చుని ఉంది.

టెంపో ఇంకా తిరుగుతూనే ఉంది. సూరత్‌లో ప్రెస్సులకు కొదవ లేదు. హ్యాండిల్ పట్టే చెయ్యే దొరకడం లేదు.