పరుపులాయన తొక్కిన వానగుంట

పరుపులాయనకు వాన మీద నమ్మకం లేదు. వాననీళ్లకు దారి చూపిస్తానన్న బావమరిది మీద అసలే లేదు.

ఈమధ్య వానలకు వేళాపాళా లేకుండా పోయింది. నెల్లాళ్లు పడాల్సింది ఒక్క పూటలో కుమ్మరించి పోతున్నాయి. వీధంతా సిమెంటే కాబట్టి కిందటిసారి నీళ్లు నేరుగా కొట్లోకే వచ్చాయి. తడిసిన దూది ఇక దూది కాదు, ముద్ద. పరుపులు పోయాయి, వాటి వెంట పరువూ పోయింది. ఇప్పుడు హాస్టలు వాళ్లకివ్వాల్సిన పరుపులు కొట్టు నిండా ఉన్నాయి. ఇవీ తడిస్తే కొట్టుకు తాళమే.

మున్సిపాలిటీ తోటమాలి అయిన బావమరిది కొట్టు ముందు సిమెంటు పగలగొట్టించి, పొడుగాటి గుంట తవ్వించాడు. అడుగున గులకరాళ్లు, పైన ఇసుక కలిపిన మట్టి. అంచుల వెంట తుంగ నాటాడు.

"వీధి నీళ్లన్నీ ఇందులోకొస్తాయి బావా. నేల తాగేస్తుంది."

"తాగడానికి నా గుమ్మమే దొరికిందిరా దానికి?"

"పల్లం ఇక్కడుంది మరి."

"పల్లం ఇక్కడ, బావి నీ దొడ్లో! ఎండిన నీ బావిలోకి నా నీళ్లు లాగుతున్నావేమో, ఎవడు చూడొచ్చాడు?"

"బావ నీళ్లు బావిలోకొస్తే తప్పేంటి బావా?" అని మెత్తగా నవ్వాడు బావమరిది. మెత్తనిదేదీ పరుపులాయన ఊరికే నమ్మడు. మెత్తదనం అమ్మే మనిషి కదా, లోపల ఏమేం కుక్కుతారో ఆయనకు తెలుసు.

మర్నాడు వీధి లేవకముందే గుంటలో పిడికిలి గుద్ది చూశాడు. మణికట్టు దాకా దిగబడింది. పరుపుల పనిలో అలా దిగబడిందంటే దూది కాజేశారని అర్థం. "అదీ సంగతి! మట్టి మిగుల్చుకుని నన్ను ముంచుతున్నాడు" అనుకుని, పరుపు తొక్కినట్టు గుంటను ఆ కొస నుంచి ఈ కొస దాకా తొక్కాడు. చాలక దుడ్డుకర్రతో బాదాడు. రాయిలా బిగిశాక గానీ మనసు కుదుటపడలేదు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. గుంట నిండింది గానీ నీళ్లు దిగడం లేదు. గుమ్మం మెట్టెక్కుతున్నాయి.

తడుస్తూ పరిగెత్తుకొచ్చిన బావమరిది తల పట్టుకున్నాడు. "అడుగున గులకరాళ్లు పూడిపోయినట్టున్నాయి. మొత్తం తవ్వి తీయాల్సిందే. ఇవాళ అయ్యే పని కాదు బావా."

"నేను ముందే అనుకున్నా, వీడేదో చేస్తాడని!" అని పరుపులాయన గొంతు పెంచాడు గానీ, కళ్లు మాత్రం పరుపుల వైపే ఉన్నాయి.

ఇల్లాలు ఆయన కాళ్లవైపు చూసింది. "ఏమండీ, పొద్దున ఆ కాళ్లకి మట్టేంటి?"

"ఏ మట్టి?"

"గుంటలో మట్టి!"

నీళ్లు గడప తాకాయి. ఇక దాచితే పరుపులు దక్కవు. "పైపైనే తొక్కానే," అన్నాడు చిన్నగా. "జానెడు... వదులుగా ఉందని."

ఆవిడ ఆయన్ని ఏకిపారేసింది. దూదిని కూడా ఆయన ఎన్నడూ అంత బాగా ఏకలేదు.

"జానెడేనా? బతికించావు! అయితే పైమట్టి గుల్ల చేస్తే చాలు" అంటూ బావమరిది గడ్డపార ఎత్తాడు. పరుపులాయన రెండోది అందుకున్నాడు. ఇద్దరూ గుంటలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పోటు మీద పోటు పొడిచారు. కాసేపటికి కింద నుంచి బుడగలు లేచాయి. నీళ్లు గుడగుడమంటూ దిగాయి. గడప బయటపడింది, తర్వాత మెట్టు.

పరుపులాయన కొట్లోకి ఉరికి, అట్టడుగు పరుపు కింద చెయ్యి పెట్టాడు. పొడిగా ఉంది. ఊపిరి పీల్చుకుని బయటికొచ్చి, ఖాళీ అవుతున్న గుంటను ఎగాదిగా చూశాడు.

"ఒరే, ఇన్ని నీళ్లు మింగి నేల కిక్కురుమనదేంట్రా? నాకెందుకో అనుమానంగానే ఉంది. పద, నీ బావి చూద్దాం."

"పద బావా. కానీ నీకు దణ్ణం పెడతా, గుంట మీంచి కాదు, చుట్టూ తిరిగి రా."