కొత్తదైపోయిన కత్తెర

మా ఆయనకు వంటింట్లో కళ్లెదుట ఉన్న ఉప్పు డబ్బా కనపడదు. పరమాణువు కడుపులో దాక్కున్న కణాలు మాత్రం ఏది ఎక్కడుందో ఇట్టే చెప్పేస్తారు. వాటిని జరిపి సర్దే యంత్రాలు తయారుచేసే చోటే ఆయన ఉద్యోగం. ఇంట్లో వాడి చూడమని ఆఫీసువాళ్లు ఒక పెట్టె ఇచ్చి పంపారు. పాత వస్తువు అందులో పెడితే, కణం కణం సర్దుకుని పుట్టిననాటి రూపుతో బయటికొస్తుంది. విప్పిన చొక్కా కొక్కేనికి తగిలించడం నేర్పే పెట్టె మాత్రం ఇంకా రాలేదట.

మొదట నా గరిటె కొత్తదైంది. తర్వాత తలుపు గొళ్లెం. ఆ పైన ఆయన కన్ను అత్తయ్యగారి కత్తెర మీద పడింది.

అత్తయ్యగారు దర్జీ. పెళ్లయిన కొత్తలో కొన్న ఆ కత్తెరతోనే ఈ వీధిలో సగం మందికి బట్టలు కత్తిరించారు. ఆవిడ కునుకు తీస్తుంటే కొడుకు దాన్ని పెట్టెలో పెట్టి తీశారు. అద్దంలా మెరిసింది. ఇక జన్మలో సాన పట్టక్కర్లేదన్నారు. ఆవిడా మురిసిపోయారు.

మర్నాడు పక్కింటి కోడలి పట్టుగుడ్డ కత్తిరించబోతే గీత ఒక దారి, కత్తెర ఒక దారి. గుడ్డ పాడైంది. కత్తెరలో ఏదో తేడా ఉందని ఆవిడ అన్నారు. ఒక్క కణం కూడా చోటు తప్పలేదు, తేడా ఎక్కణ్ణించి వస్తుందని ఈయన వాదించారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ పెట్టెలో పెట్టినా నాలుగోది మొలవదు.

"అంతేలే నాయనా. కత్తెరది కాకపోతే నా చేతిదే. వయసైపోయింది."

అలా అని కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశారు. గుడ్డలు తెచ్చినవాళ్లను వేరే దర్జీ దగ్గరికి పంపేశారు. తన వేళ్లను తానే ఎవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చునేవారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఒకసారి కత్తెర తీసి వేలు దూర్చి చూశాను. ఇదివరకు ఆ పిడి ఆవిడ బొటనవేలి వాలుకే అరిగి ఉండేది, నాకు అస్సలు కుదిరేది కాదు. ఇప్పుడు ఎవరికైనా సరిపోయేంత గుండ్రంగా ఉంది.

మా ఆయనకు పాత తోలు చెప్పుల జత ఒకటుంది. ఎన్ని కొత్తవి కొన్నా అవే వేసుకుంటారు. ఆదివారం ఆయన స్నానానికి వెళ్లగానే అవి పెట్టెలోకి వెళ్లాయి.

మెరుపు చూసి నేను తుడిచాననుకున్నారేమో, సాయంత్రం వాటితోనే నడకకు వెళ్లొచ్చి గుమ్మంలోనే కూలబడ్డారు. మడమలు రెండూ బొబ్బలెక్కాయి.

"నా చెప్పుల్ని ఏం చేశావ్?"

"బాగుచేశానండీ. ఒక్క కణం కూడా చోటు తప్పలేదు. లోపం మీ కాళ్లదే అయ్యుంటుంది. వయసైపోయిందేమో."

నన్ను కొరకొరా చూశారు. తర్వాత చెప్పు చేతిలోకి తీసుకుని, బొటనవేలి గుంట ఉండాల్సిన చోట తడిమారు. మళ్లీ తడిమారు. లోపల్నించి అత్తయ్యగారు ఏమైందని అడిగారు. ఈయన లేచి, కుంటుకుంటూ వెళ్లి మిషను మీది దుప్పటి లాగేశారు.

"నీ చెయ్యి బాగానే ఉందమ్మా. ఇన్నేళ్లూ నీ వేలు దిద్దుకున్నదంతా నేను చెరిపేశాను. దాన్ని వెనక్కి తేవడం ఆ పెట్టెకి రాదు. తప్పు నాదే."