చించిల్లా బాలింత పథ్యం

చించిల్లా అంటే ఏమిటో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. ఎలుకకి ఉడుత తోక తగిలించి, కుందేలు చెవులు గుండ్రంగా కత్తిరించి అతికిస్తే వచ్చే జంతువు. చించడమే దాని పని గనక పేరులో ముందు ‘చించి’ పెట్టారు. మిగిలిన ‘ఇల్లా’ మా ఇల్లే. టాటానగర్ రైల్వే క్వార్టర్లో రెండు గదులు. అందులో నేను, మా ఆవిడ పైడితల్లి, మా అత్త జోగమ్మ, ఆ పైన ఇది.

పైడితల్లి ఒక విదేశీ ఇంజనీరు బంగళాకి కుట్టుపనికి వెళ్ళేది. ఆ దొరసానికి పిల్లల్లేరు. డెబ్బై ఎనిమిది డిసెంబరులో నెలరోజులు వాళ్ళ దేశం వెళ్తూ బోను మా గడపలో దింపింది.

“బంగార్రాజు గారూ, మా ఆయన ఎప్పుడూ కార్ఖానాలోనే, ఈ ఊళ్ళో నాకిది తప్ప ఎవరూ లేరు. దీని జత మూణ్ణెల్ల కిందట ఇక్కడికి వచ్చేదార్లోనే వేడికి పోయింది” అంది, హిందీలో తడబడుతూ. కళ్ళు తడిగా ఉన్నాయి.

“నా ప్రాణం పోయినా దీని ప్రాణం పోదు” అన్నాను. నోటిదురద.

ఆమె ఇచ్చిన కాగితంలో ఉన్నది ఇంతే. ఎండుగడ్డి, డబ్బాలోని గడ్డిగోలీలు రెండు చెంచాలు, నీళ్ళు. బలం మందులు అక్కర్లేదు. చిరుతిండి కావాలంటే వారానికి ఒక్క కిస్మిస్.

“ఇంటికొచ్చినదానికి గడ్డెడతారేటి?” అంది మా అత్త, బుగ్గ నొక్కుకుంటూ. “మావూళ్ళో తెలిత్తే ఉమ్మేత్తారు.”

నాకు ఉమ్మాలనిపించిన సంగతులు వేరే ఉన్నాయి. అది నడుస్తూ, గెంతుతూ, ఆఖరికి నిద్రపోతూ కూడా పెంటికలు రాలుస్తుంది. చాప మీద, చెప్పులో, ఒకరోజు నా చొక్కా మడతలో. పోనీ ఎండువే కదా అని సరిపెట్టుకుంటే, వంగి వాటిలో కొన్నింటిని తానే తింటుంది. అది చూశాక రెండు పూటలు నాకు అన్నం దిగలేదు.

మూడోవారంలో అది ఈనింది. పిల్ల కళ్ళు తెరుచుకునే పుట్టి, పుట్టిన గంటకే గెంతింది. మా అత్త కొంగు బిగించింది.

“అత్తా, కాగితంలో గడ్డే రాసుంది.”

“కాయితం పురుడు పోత్తాదేటి? బాలింతకి కాయం ఎట్టకపోతే పాలెలాగొత్తాయి? నీ పెళ్ళాన్ని కన్నప్పుడు నెల్రోజులు తిన్నాన్నేను. సూడు, ఎలాగుందో!”

“రోజూ చూస్తూనే ఉన్నాను కదా.”

“ఏటండీ, ఏటి సూత్తన్నారు?” అని వంటింట్లోంచి పైడితల్లి.

శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు దంచి, బెల్లప్పాకంలో నెయ్యి పోసి ఉండ కట్టారు. కాయం తింటేనే కాయం నిలబడుతుందని ఆవిడ సిద్ధాంతం. పక్కనే వేయించిన ఎండునెత్తళ్ళు. వాటిని అది తాకలేదు. కాయం మాత్రం గోరంత నాకింది. పాకం బొచ్చుకంటి జడలు కట్టింది. బోనులోంచి చేపలవాడి గంపలో నెయ్యి కాచినట్టు కంపు.

గురువారం నాటికి పెంటికలు పోయి జిగట మిగిలింది. ఎంత జిగటంటే, చెప్పను, మీరు భోంచేసి ఉంటారు. పొట్ట ఉబ్బింది. గడ్డి ముట్టలేదు. ఎండిన చనుమొన దగ్గర పిల్ల కీచుమంటోంది. దొరసాని వచ్చేది ఆదివారం.

“చూశావా అత్తా, నీ కాయం!” అని వీధంతా వినపడేలా అరిచాను. ఆవిడ మూలన కూర్చుని పిల్లని ఒళ్ళో దాచుకుంది.

భాలుబాసా బస్తీ నుంచి వచ్చి మాకు పాలుపోసే సీతారాంని పిలిచాను. పశువుల మనిషి. ఈనెపుల్లతో ఆ జిగటని కెలికి, వాసన చూసి (నేను గోడవైపు తిరిగాను), దీపం దగ్గరికి తెచ్చాడు.

“అరే బాబూ, యే క్యా ఖిలాయా? ఏం తినిపించినావు, రోజూ పెట్టినావు? దేఖో, కిస్మిస్ తొక్క. చాలా, చాలా!”

“కిస్మిసా?” అంది పైడితల్లి. “మనింట్లో కిస్మిస్ ఎక్కడిదండీ?”

ఆవిడా, అత్తా ఇద్దరూ చీమలు పట్టిన నా చొక్కా జేబువైపు చూశారు.

జుగ్సలాయి బజారులో రోజూ పిడికెడు కొనేవాణ్ణి. దాన్ని చూస్తే నాకు వాంతి వచ్చేది, నిజం. కానీ కిస్మిస్ ఇస్తే రెండు చేతులా అందుకుని, తిప్పితిప్పి, మనిషిలా తినేది. ఒకటి పెడితే ఇంకోటి కోసం నా వేలు పట్టుకునేది. అలా పూటకి పది. వారానికొకటని రాసిన దొరసానిని పిసినారి అని తిట్టుకుంటూ మరీ పెట్టాను.

“నా కాయం మీద అంతలా అరిసేవు, బాబూ” అంది మా అత్త మెల్లగా. అరిచి ఉంటే బాగుండేది.

సీతారాం కొట్టం నుంచి ఎండిన దూబ్ గడ్డి, అంటే మన గరిక, తెచ్చాడు. అది, నీళ్ళు, ఇంకేం లేదు. పైడితల్లి బొచ్చులోని పాకం పోగుపోగునా విడదీసింది. నేను ఆఫీసు మానేసి బోను ముందు కూర్చున్నాను. నాలాంటివాడికి గడ్డి ఎప్పుడో పెట్టవలసింది.

శనివారం పొద్దున అది ఒక పరక కొరికింది. ఇంకోటి కొరికింది. మధ్యాహ్నం పిల్ల కీచులాట మానేసి పొట్టకింద దూరింది. కాసేపటికి టప్‌మని ఒకటి రాలింది. ఎండుది, గట్టిది, నల్లజీలకర్రంత. అరచేతిలో పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను.

“అత్తా! చూడు, ఎంత బాగుందో!”

“సీ సీ! పొయ్యికాడికేటి, కడిగినాక రా!” అని గరిటె ఎత్తింది. అంతలోనే మళ్ళీ ముందుకి వంగింది. “ఏదీ, సూపించు.”

దొరసాని కాగితాన్ని మడతపెట్టి జేబులో వేసుకున్నాను, రేపు ఆమెకి నేనే చెప్పుకోవాలి. జేబులో అడుగున ఇంకా నాలుగు కిస్మిస్‌లు, చెమటకి ఉబ్బి, నూలుకంటుకుని ఉన్నాయి. నా చెయ్యి చూసుకుంటే నాకే అసహ్యం వేసింది.