ఎలుక ముట్టని అట్ట

పంజరం కింద పరిచిన పాత కాగితాన్ని నాలుగు మూలలూ కలిపి, పొట్టు ఒక్కటి కూడా నేలరాలకుండా పైకెత్తాడు బైండరు. ముప్ఫై నాలుగేళ్లుగా పుస్తకాల అచ్చు ఫారాలు మడిచిన చేతులవి. కాగితం వాటి మాట వింటుంది. మూటను చెత్తబుట్టలో వేసి, మోకాళ్ల మీద వంగి, బల్ల కిందంతా కళ్లద్దాలు సర్దుకుంటూ వెతికాడు. గోడ మూలన ఎలుక పెంటికలు రెండు కనిపించాయి.

"రెండే, అక్కా," అన్నాడు.

"ఏంట్రా రెండు?"

"ఎలుకలు పెట్టిపోయిన దండాలు. పోయిన వారం చీపురుతో ఊడ్చి ఎత్తేవాణ్ణి."

"పొద్దున్నే ఎంత చల్లటి కబురు చెప్పావు నాయనా," అంది అక్క, కిటికీ పక్క కుర్చీలోంచి.

ఆవిడకి అరవై ఆరేళ్లు. ఒక పెద్ద ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. అవతలివాళ్లు "హలో" అనగానే పేరు చెప్పేదని ఆ ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగేళ్ల కిందట చక్కెర జబ్బు కళ్లను తీసుకుంది. ఇప్పుడు వెలుగుకీ చీకటికీ తేడా మాత్రం తెలుస్తుంది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు చేసుకున్నాడు గానీ అది రెండేళ్లే నిలిచింది, భార్య ఎవరినీ ఏమీ అనకుండా పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత అక్కా తమ్ముళ్లు ఇద్దరూ ఈ రెండు గదుల్లోనే ఉండిపోయారు.

పిట్టలు పై వాటాలో వాళ్లవి. "పది రోజులు చూస్తూ ఉండండి" అని పంజరం ఇచ్చి ఊరెళ్లారు. తర్వాత సామాను తీసుకుపోయారు గానీ పంజరం సంగతి ఎత్తలేదు. ఒకటి పచ్చటిది, ఒకటి నీలిది. పచ్చపిట్ట తెల్లవారిన దగ్గర్నుంచీ ఊపిరి తిప్పుకోకుండా అరుస్తుంది కాబట్టి అక్క దానికి వకీలు అని పేరు పెట్టింది. రెండోది పెద్దగా నోరు మెదపదు, పక్కన కూర్చుని తలూపుతుందని తమ్ముడు చెప్పాడు. దాంతో అది సాక్షి అయింది.

అతను ఎనిమిదిన్నరకి తలుపు దగ్గరగా వేసి వెళితే మళ్లీ సాయంత్రం ఆరింటికి వస్తాడు. మధ్యలో ఆవిడ రోజంతా వకీలు చేతిలోనే ఉంటుంది. పన్నెండింటికి వాడు నీళ్ల గిన్నెలో దిగి రెక్కలు టపటపలాడిస్తాడు. ఆ చప్పుడు వినగానే ఆవిడ లేచి అన్నం పెట్టుకుంటుంది. నాలుగింటికి ఉయ్యాలకి కట్టిన చిన్న గంటను ముక్కుతో కొడతాడు. అది మందు బిళ్ల వేళ. గోడ గడియారం ఉంది గానీ, దాన్ని అడగలేను కదా అంటుంది.

ఆ ఇంటికి రెండు నెలల కిందట ఎలుకలు వచ్చాయి. వకీలు తినేది ఒక గింజ, విసిరేది పది గింజలు. ఒకరోజు పొద్దున మేత గిన్నె తడిసి, ఎలుక ఉచ్చ వాసన కొట్టింది. చువ్వల మధ్య నుంచి చిట్టెలుక లోపలికే దూరిందన్నమాట. పక్కింటావిడ ఎలుకల మందు బిళ్లలు తెమ్మంది. అతను కొట్టుదాకా వెళ్లి తిరిగొచ్చాడు. తిన్న ఎలుక ఎక్కడ కక్కుతుందో, అది ఎవరి నోట్లోకి పోతుందో! జిగురట్ట పెట్టమన్నారు. సాయంత్రాలు పిట్టలను గదిలోకి వదులుతారు, వాటి కాలు దాని మీద పడితే? పిల్లిని తెచ్చుకోమన్నారు.

"పిల్లిని తెస్తే వకీలుగారు ఏకంగా పై కోర్టుకి వెళ్లిపోతారు," అంది అక్క.

గింజ కింద పడకపోతే ఎలుక రాదని చివరికి అతనే తేల్చాడు. మేత మూత బిగువుగా ఉన్న డబ్బాలోకి మారింది. పొద్దు వాలేసరికి గిన్నె పంజరంలోంచి బయటికొచ్చేది. తూము పక్క కన్నంలో గిన్నెలు తోమే ఇనప పీచు కుక్కాడు. ఆఖరికి నిన్న, ఆదివారం, పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చుని పంజరానికి చుట్టూ జానెడెత్తున నిలబడే అట్ట గోడ కట్టాడు. నాలుగు అట్టలు, నాలుగు మూలల దగ్గరా నల్ల క్యాలికో గుడ్డతో కీళ్లు. విప్పి మడిస్తే పుస్తకంలా చదునుగా పడుకుంటుంది. అంచులు లేవకుండా జిగురు రెండు సార్లు పట్టించాడు, లోపలి వైపు తెల్ల కాగితం అతికించాడు. అతను బైండు చేసిన వేల పుస్తకాల్లో ఒక్కదాని మీదా అతని పేరు లేదు. ఇంత తీరిగ్గా చేసినవి కూడా వాటిలో నాలుగైదుకు మించి ఉండవు.

అక్క వేళ్లతో అంచులన్నీ తడిమి చూసింది. "ఒరేయ్ చిన్నా, ఇది పంజరమా, గ్రంథమా?" అంది. సాయంత్రానికల్లా వకీలు చువ్వల్లోంచి ముక్కు చాపి అట్ట పై అంచుని టిక్ టిక్‌మని కొరకడం మొదలుపెట్టాడు. "చదువుకోనీరా. ఇన్నాళ్లూ చదవకుండానే వాదించాడు," అని నవ్వింది. అతనూ నవ్వాడు.

ఇవాళ ఆవిడే అడిగింది, "వకీలుగారు ఇంకా నోరు విప్పలేదేంట్రా?"

అతను తొంగిచూశాడు. పచ్చపిట్ట ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని కొమ్మపుల్ల మీద కూర్చుంది.

"నిన్నంతా అట్ట నమిలాడుగా, దవడలు పట్టేసుంటాయి," అని నీళ్లు మార్చి, చెప్పులు వేసుకున్నాడు.

*

బైండింగు గది ప్రెస్సు వెనక ఉంటుంది. ఒక పొడుగాటి బల్ల, మూలన కాగితాలు నరికే మిషను, కిటికీ కింద స్టవ్వు. వెళ్లగానే అతను చేసే మొదటి పని జిగురు కాచడం. చల్లటి నీళ్లలో పిండి ఉండలు లేకుండా కలిపి, గుడ్డతో వడకట్టి, సన్నటి సెగ మీద కలుపుతూనే ఉండాలి. గరిటెకి బరువు తెలిసిన క్షణంలో ఎడమ చెయ్యి అలమరలోకి వెళ్లి, చిన్న సీసా తీసి, మూత విప్పి, చిటికెడు పొడి వేసి, మళ్లీ మూత పెట్టి వచ్చేస్తుంది. ఆ సంగతి అతనికి తెలియనే తెలియదు. కళ్లు గరిటె మీదే ఉంటాయి.

"అన్నయ్యగారూ, మీ వంటలో ఏనాడూ ఉప్పు ఎక్కువ కాదు," అంది పుస్తకాలు కుట్టే ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ. పదకొండేళ్లుగా రోజూ ఆ మాట అంటుంది.

"తిన్నవాళ్లెవరూ ఫిర్యాదు చెయ్యలేదు మరి," అన్నాడతను, రోజూ లాగే.

పన్నెండు దాటాక లైబ్రరీ గుమాస్తా తోపుడు బండి మీద పాత సంపుటాలు వేయించుకుని వచ్చాడు. సన్నటి మనిషి, దుమ్ముకి తుమ్ముతూ మాట్లాడతాడు. రెండు పుస్తకాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకదాని వెన్నంతా కొరికేసి ఉంది, కుట్టు దారాలు పేగుల్లా వేలాడుతున్నాయి. రెండోది నిన్న కొన్నట్టు ఉంది.

"మూడో బీరువా మొత్తం నమిలేశాయండీ ఎలుకలు. ఇదిగో, ఇది వేరే చోట చేయించింది. ఇది మీది. మీరు కట్టిన పన్నెండూ ఆ అరలోనే ఉన్నాయి. ముట్టకుండా వదిలేశాయి. పుస్తకం మీద మీ పేరు ఉండదు గానీ ఎలుకలకి మాత్రం తెలుసండీ మీరెవరో!"

కుట్టే ఆవిడ పగలబడి నవ్వింది. బైండరు చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం అందుకుని వెన్ను మీద బొటనవేలు రాశాడు. ముప్ఫై నాలుగేళ్లలో అతని పనిని ఒకరు ఎదురుగా నిలబడి మెచ్చుకోవడం ఇదే మొదలు.

"మీరు శనివారం కొన్ని పుస్తకాలు పంపి ఎలుకల సంగతి చెప్పించారని, వాటికి ఇంకాస్త గట్టిగానే కాచాను," అన్నాడు. "చిటికెడు వేసేచోట చెంచాడు వేశాను."

"ఏంటండీ అది?"

"మైలుతుత్తం. అది పడితే ఎలుకే కాదు, ఏ ప్రాణీ నోరు పెట్టదు. పెట్టిందా..."

చేతిలోని పుస్తకం బల్ల మీద పెట్టేశాడు.

గుమాస్తా ఏదో అంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి. బైండరు వంగి గిన్నెలోకి చూశాడు. జిగురు లేత నీలంగా ఉంది. అది ఎప్పుడూ అలాగే ఉంటుంది. జిగురు రంగంటే అదేనని అతని కళ్లు ఎప్పుడో ఒప్పేసుకున్నాయి. శనివారం సాయంత్రం, లైబ్రరీ గిన్నెలో మిగిలింది పారెయ్యడం ఎందుకని, ఖాళీ సిరా డబ్బాలోకి గోకి ఇంటికి పట్టుకెళ్లాడు. ఆదివారం అట్ట అంచులకి రెండు సార్లు పట్టించాడు. అప్పుడు గదిలో ఉన్న రెండో మనిషికి నీలం కనిపించదు.

"అన్నయ్యగారూ, కూర్చోండి. ముందు కూర్చోండి!" కుట్టే ఆవిడ లేచి వస్తోంది.

అతను ఫోన్ తీశాడు. వేలు రెండుసార్లు తప్పు అంకె నొక్కింది.

"హలో, చెప్పండి," అంది అక్క, ఆఫీసు గొంతుతో.

"అక్కా, పిట్టలు ఎలా ఉన్నాయి?"

"పని మానుకుని ఇదేం పరామర్శరా? పన్నెండు కాలేదా ఇంకా? నీళ్ల చప్పుడు లేదు. ఆకలేస్తోంది నాకు."

గోడ మీద గడియారంలో పన్నెండూ ఇరవై అయింది.

"అక్కా, లేచి ఆ అట్ట తీసెయ్. తడుముకుని తీసెయ్. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కో."

"ఎందుకురా? ఏమైంది?"

"తియ్యక్కా ముందు."

కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. తర్వాత అడుగులు, క్యాలికో కీళ్లు మడత పడిన మెత్తటి చప్పుడు. పంజరం తలుపు కిర్రుమంది.

"తీసి గోడకి ఆనించాను," అంది. గొంతులో ఆఫీసు లేదు. "చిన్నా, లోపల చెయ్యి పెట్టాను. ఒకళ్లు వేలు పొడిచారు. ఇంకొకళ్లు పొడవలేదురా."

*

పనివేళ మధ్యలో బైండింగు గది గడప దాటడం అతను ఏనాడూ ఎరగడు. బస్సులో ఖాళీ సీట్లున్నా నిలబడే వచ్చాడు. అరచేతుల్లో ఎండిన జిగురు పొరలు పొరలుగా లేస్తుంటే, గోళ్లతో గీరుతూనే ఉన్నాడు.

తలుపు తీసే ఉంది. అక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో చేతిరుమాలు, దాని మీద రెండు అరచేతులూ గిన్నెలా మూసి ఉన్నాయి.

"ఇందాకటి దాకా వెచ్చగా ఉన్నాడు," అంది.

అతను మోకాళ్ల మీద కూర్చుని ఆవిడ చేతులు విప్పాడు. పచ్చపిట్ట పదహారు పేజీల ఫారమంత బరువు కూడా లేదు. ముక్కు చివర తెల్ల కాగితం నలుసు ఒకటి అంటుకుని ఉంది. దాన్ని తీసెయ్యబోయాడు, చెయ్యి రాలేదు.

"నా జిగురక్కా," అన్నాడు. "అందులో విషం ఉంటుంది. నేనే కలుపుతాను. రోజూ నేనే కలుపుతాను. మందు వద్దని, జిగురట్ట వద్దని..."

"నాకు వాసన రాలేదురా," అంది ఆవిడ, తప్పు తనదైనట్టు.

"దానికి వాసన ఉండదు."

"రంగు?"

"నీలంగా ఉంటుంది."

ఆవిడ మొహం అతని గొంతు వైపు తిరిగింది. "అయితే నీకు కనపడిందిగా."

అతను తల వంచుకున్నాడు. ఆవిడే చెయ్యి చాపి అతని తల మీద వేసింది.

సాక్షిని చెప్పుల పెట్టెలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. డాక్టరు కనురెప్ప విప్పి చూసి, నోట్లో చుక్కలు వేసి, "ఇది తక్కువ తిన్నట్టుంది. రెండు రోజులు చూడాలి," అన్నాడు. పచ్చపిట్టను పెరటి గోడ పక్కన, వాన నీళ్లు నిలవని చోట పాతిపెట్టి వచ్చేసరికి మూడు దాటింది.

అక్క కుర్చీలోంచి లేవలేదు. అన్నం గిన్నె మూత తియ్యలేదు.

"తినక్కా. చక్కెర పడిపోతుంది."

"వేళ అవలేదుగా," అంది.

అతను నీళ్ల గిన్నెను బాగా తోమి, కొత్త నీళ్లు పోసి, పంజరంలో పెట్టి, రెండు వేళ్లు ముంచి టపటపా ఆడించాడు.

ఆవిడ తల వంచి విన్నది.

"వాడు అలా కాదురా చేసేది," అంది. మళ్లీ తనే, "సరే, పెట్టు," అంది.

నాలుగింటికి గంట మోగలేదు. మందు బిళ్ల వేళ అయిందని అతనే చెప్పాడు.

మర్నాడు పొద్దున సాక్షి కొమ్మపుల్ల మీదే ఉంది, రెండు గింజలు తిన్నది కూడా. పొట్టుకి అడ్డం లేక ఎలుకలు మళ్లీ వచ్చాయి. ఖాళీ మేత సంచీ మూల కొరికి, పాత కాగితాల కట్టను చీల్చి, అక్క చెప్పు అంచు కూడా నమిలి వెళ్లాయి. వాటి మధ్యనే గోడకి ఆనించి, మూసిన పుస్తకంలా నిలబడి ఉంది అట్ట. బయట పడేస్తే వీధిలో ఇంకే ప్రాణి నోరు పెడుతుందోనని అతను పారెయ్యలేకపోయాడు. దాని మీద ఎలుక పన్ను పడలేదు. పై అంచు పొడుగునా ఉన్నవి చిన్న చిన్న ముక్కు గాట్లే, గోరు చివరంత, వరసగా.